‘తడిసిన దిండు’ను మెచ్చుకున్న పేజీలు

“ఈ ప్రపంచంలో గొప్ప డిటెక్టివులు ముగ్గురే ఉండారు మునికుమార్. మిగతా ఇద్దరూ ఎవురో నాకు తెలీదు.”

ఈ ప్రకటన చేసినప్పుడు జయచంద్ర నా సీడీల షాపులో, నా కుర్చీలో కూర్చుని, నా టీ తాగుతున్నాడు. నేను నిలబడి ఉన్నాను. వాడికి బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. కాయలు వచ్చినన్నాళ్లు డబ్బాలకు లేబుళ్లు అంటిస్తాడు. సీజను అయిపోగానే తిరుపతికి వచ్చి నేరపరిశోధన మొదలుపెడతాడు. అప్పటికి, అంటే 2007 నాటికి, వాడు పట్టుకున్న నేరస్థుడు నేనొక్కణ్ణే. వాడి గొడుగు మా ఇంట్లో దొరికింది. మరిచిపోయి వెళ్లింది వాడే.

అంతలో రాఘవమ్మగారు షాపులోకి వచ్చారు. ఆమె కొడుకు రూపేష్ ఇంజనీరింగు మూడో ఏడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ‘తడిసిన దిండు’ అని ఒక ఆల్బమ్ చేశాడు. దాన్ని ఈమో రాక్ అంటారట. మనసులో ఉన్న బాధనంతా గిటారుతో కలిపి అరవడమని రూపేషే నాకు వివరించాడు. దానికి జుట్టు ఎడమ కన్ను మీద పడి ఉండాలి. రెండేళ్లుగా పెంచుతున్నాడు. చదువు కూడా కుడికంటితోనే సాగుతోంది.

ఆల్బమ్ నా షాపులోనే అమ్ముతున్నాం. విన్నవాళ్లు అభిప్రాయం రాయడానికి కౌంటరు మీద ఒక నోటుపుస్తకం దారంతో కట్టి పెట్టాను. రాఘవమ్మగారు దాన్ని తెరిచి చూపించారు.

“సదవప్పా.”

జయచంద్ర గొంతు సవరించుకుని చదివాడు. “‘మొదటి పాటలో అబ్బాయి ఏడుస్తున్నాడు. ఎనిమిదో పాటలో కూడా అదే అబ్బాయి ఏడుస్తున్నాడు. మధ్యలో ఎవరైనా కనుక్కుని ఉండాల్సింది.’ ‘చెవులు డాక్టరుకు చూపించుకున్నాను. చెవుల్లో లోపం లేదన్నాడు.’ ‘మా కుక్క మంచం కిందికి దూరింది. ఇంకా రాలేదు.’”

“అన్నీ ఇట్లాంటివే ఉండాయి. వాడి కూటాళ్లు ముగ్గురూ బ్యాండు మానుకుంటామంటాండారు. శనివారం కాలేజీలో పాడాల. మావాడు అన్నం ముట్టడంల్యా,” అన్నారామె.

“బాగుందని రాసినోళ్లు కూడా ఉండారమ్మా. నేను నా కండ్లతో సూసినా. ఎవురో ఆ పేజీలు చించేస్తాండారు,” అన్నాను.

జయచంద్ర లేచి నిలబడ్డాడు. “పేజీల హత్య,” అన్నాడు.

“నలుగురు బాగుండాదని రాస్తే సాలు. వాడిని కొండకు పిలుచుకొనిపోయి గుండు కొట్టిస్తానని మొక్కుకొన్నా. వాడికీ సెప్పినా,” అన్నారు రాఘవమ్మగారు.

“అమ్మా, కేసుకు సంబంధం లేని విషయాలు చెప్పొద్దు,” అన్నాడు జయచంద్ర.

పరిశోధన మొదలైంది. పుస్తకం మీద వేలిముద్రల కోసం విభూతి చల్లాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ సాయంత్రం షాపుకు వచ్చినవాళ్లంతా నుదుట విభూతితోనే వెళ్లారు. తరువాత, పుస్తకానికి కాపలాగా ఒక నమ్మకమైన మనిషి ఉండాలన్నాడు. బాగా ఆలోచించి రూపేష్‌ను పెట్టాడు. బాధితుడికంటే నమ్మకస్తుడు ఎవరుంటారని నన్నే అడిగాడు. రూపేష్ గిటారుతో సహా వచ్చి రెండు రోజులు కాపలా కాశాడు. ఆ రెండు రోజుల్లో ఇంకో మూడు పేజీలు పోయాయి.

“సూసినావా వాడి తెగింపు? కాపలా ఉన్నా లెక్కసేయలేదు,” అన్నాడు జయచంద్ర.

అనుమానం తిరుమలయ్య మాస్టారి మీదికి పోయింది. ఆయన రిటైరైన సంగీతం మాస్టారు. ఊళ్లో ఏ కచేరీ జరిగినా విని వారపత్రికకు సమీక్ష రాస్తారు. ఆయన మెచ్చుకోవడం ఎవరూ చూడలేదు. తిరుచానూరులో పూలు కొంటుంటే జయచంద్ర వెళ్లి పట్టుకున్నాడు. వెనక స్కూటరు పట్టుకుని నేను.

“‘తడిసిన దిండు’ విన్నారా?”

“విన్నా నాయనా.”

“అభిప్రాయం?”

“ఆ పుస్తకంలోనే రాసినా కదా. బాగుండాదని, పేజీ నిండా.”

జయచంద్ర నన్ను పక్కకు లాగాడు. “అబద్ధం. పుస్తకంలో ఆ పేజీ ల్యా. దొరికిపోయినాడు.”

“ల్యాకుంటే చించింటారేమో కదా?”

“నీకు అనుభవం చాలదు మునికుమార్.”

శుక్రవారం సాయంత్రం అందరినీ షాపులోకి పిలిచాడు. మాస్టారు, రాఘవమ్మగారు, మూలన స్టూలు మీద రూపేష్, గోడకు ఆనించిన గిటారు. షట్టరు సగం దించమన్నాడు. ఉక్కపోతకు మళ్లీ ఎత్తమన్నాడు.

“హంతకుడు ఈ గదిలోనే ఉండాడు,” అని జయచంద్ర గంభీరంగా వెనక్కి రెండు అడుగులు వేశాడు. మూడో అడుగు గిటారు మీద పడింది. గిటారు బోర్లా పడింది. వాడు కంగారుపడి దాన్ని ఎత్తి, పగిలిందేమోనని తలకిందులు చేసి ఊపాడు.

మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోంచి కాగితాలు రాలాయి. ఒకటి కాదు, పధ్నాలుగు. అన్నీ నా నోటుపుస్తకానివే.



“నేను అనుకున్నట్టే జరిగింది,” అన్నాడు జయచంద్ర.

రూపేష్ తల దించుకున్నాడు. “గుండుతో ఈమో పాడితే ఎవురు నమ్ముతారమ్మా? బాగుంది అనే మాట కనబడితే సాలు, సదవకుండానే చించేసినా.”

మాస్టారు కింద పడ్డ కాగితాల్లోంచి తనది వెతికి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చదివారు. “‘ఏడు పాటల్లో ఈ అబ్బాయి ఏడుపును అరువు తెచ్చుకున్నాడు. నాలుగో పాట మాత్రం బాగుంది, అందులో సొంత దుఃఖం ఉంది. జ్వరంలో పక్కన కూర్చున్న తల్లి గురించి పాడాడు. అక్కడ అరవలేదు. నేను మూడుసార్లు విన్నాను.’”

రాఘవమ్మగారికి ఆ పాట తన మీదని అప్పుడే తెలిసింది. ఆమె ఒక్కొక్క కాగితమే ఏరి మడత విప్పి నాకిచ్చారు.

“మొక్కుకొనింది నేను. వాడిని అడిగి మొక్కుకొన్నానా?” అన్నారు. వెంటనే ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు కాలేజీ ఆడిటోరియంలో ఆ నలుగురూ పాడారు. కూటాళ్లు ఎవరూ మానలేదు. పధ్నాలుగు కాగితాలూ చదివిన తరువాత ఇంకెందుకు మానతారు? మూడు పాటలు అయ్యేసరికి నా చెవుల మీద నాకే జాలి వేసింది. అప్పుడు పక్కతలుపు తీసుకుని రాఘవమ్మగారు వచ్చి రెండో వరసలో కూర్చున్నారు. పొద్దున్నే ఒంటరిగా కొండకు పోయి, నేరుగా అక్కడినుంచే వచ్చినట్టున్నారు. తల మీద వెంట్రుక లేదు. చందనం ఇంకా ఆరలేదు.

రూపేష్ చూశాడు. నాలుగో పాట మొదలుపెట్టి ఆపేశాడు. తరువాత ముఖం మీది జుట్టును చేత్తో వెనక్కి తోసి, రెండు కళ్లతో ఆమెను చూస్తూ మళ్లీ మొదటినుంచి పాడాడు. అరవలేదు.

జయచంద్ర నా చెవి దగ్గరికి వంగాడు. “మునికుమార్, ఒకటి గమనించినావా? పిల్లోడు ఈసారి నిజంగా ఏడుస్తాండాడు.”

వాడు ఒక విషయాన్ని సరిగ్గా కనిపెట్టడం నేను అదే మొదటిసారి చూడటం. మెచ్చుకుందామనుకున్నాను గానీ, ముందు నా కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.