రంగు నచ్చని గిటార్

ఆ రోజుకు దొన్ తెయోఫిలో కంచాన్యా వేసుకున్న లెక్క చాలా చిన్నది. పొద్దున్నే కోడి సూపు తాగాలి. వాద్యాల కొట్టుకు వెళ్ళి ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి. మధ్యాహ్నం మూడింటికి వేదికెక్కి దాని మీద నాలుగు చుక్కల బీరు చిలకరించి రుస్బెల్ చేతిలో పెట్టాలి. చప్పట్లు అందుకుని ఇంటికి పోవాలి. వీటిలో అనుకున్నట్టు జరిగింది కోడి సూపు ఒక్కటే.

పెరూ దేశంలోని హువాంకాయో టోకు మార్కెట్‌లో ఆయన బంగాళాదుంపల వర్తకుడు, అందరూ గౌరవంగా "దొన్" అని పిలిచే మనిషి. గోతంలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు దుంప బయటికి లాగి చూడనిదే ఒక్క మూట కొని ఎరగడు. పైన నిగనిగలాడే దుంపలు పేర్చి అడుగున పుచ్చులు నింపే రైతులు ఆయన టోపీ దూరాన కనబడగానే బేరం మానుకుని మూట కట్టేసుకునేవారు. "తెయోఫిలో చూశాడు" అంటే ఇక ఆ సరుకు మీద ఎవరూ నోరెత్తరు. కొట్టు, లారీ, ఇల్లు అన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక్కటీ ఒక ఎత్తు.

బిడ్డకు జ్ఞానతండ్రి ఉన్నట్టే అక్కడ బృందంలోకి వచ్చే కొత్త వాద్యానికి కూడా ఒక జ్ఞానతండ్రి, అంటే పద్రినో, ఉండాలి. కొనిచ్చేది ఆయనే, బీరు చల్లి దీవించేదీ ఆయనే. తెయోఫిలో చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందిన రుస్బెల్ ఇప్పుడు కొండ జానపదమూ డాన్సు తాళమూ కలిసిన చిచా పాటల బృందంలో గిటార్ వాయిస్తున్నాడు. ఇన్నాళ్ళూ వాయించింది అరువు గిటార్. దాని సొంతదారు మొన్ననే పట్టుకుపోయాడు. ఈ రోజు మార్కెట్ వార్షికోత్సవంలో మూడింటికి వీళ్ళ వంతు. బాగా వాయిస్తే ఏడాది పొడుగునా శనివారం సంతల్లో పాట వీళ్ళదే. తడబడితే ఆ ఒప్పందం పక్క ఊరు హౌహా నుంచి వచ్చిన బృందానికి పోతుంది. వాళ్ళు పొద్దున్నే దిగి, వేదిక పక్కన కూర్చుని తీగలు సవరించుకుంటున్నారు కూడా.

కొట్టు యజమానురాలు గౌదెన్సియా గోడ మీంచి ఎర్ర గిటార్ దించింది. పన్నెండు వందల సోల్‌లు. అయిదు వందలది శ్రుతి నిలవదు, నాలుగు వేలది మనకు అందదు, ఇదే సరైనదని రుస్బెల్ ముందే ఎంచిపెట్టుకున్నాడు. ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు, మెట్ల అంచుల వెంట బొటనవేలు నడిపాడు, బిరడాలు తిప్పాడు, స్పీకరుకు తగిలించి వాయించాడు.

"బంగారంలా ఉంది పద్రినో. డబ్బు కట్టేయండి, నేను వేదిక దగ్గర స్పీకర్లు ఎక్కించాలి."

"ఆగరా. చవకది చెడ్డదని అందరికీ తెలుసు. ఖరీదైనది అమ్మేవాడు పేరు పోతుందని భయపడతాడు. మోసమంతా మధ్య రకంలోనే ఉంటుంది." తెయోఫిలో గిటార్‌ను దుంపల బుట్టలా చేత్తో తూచాడు. వేలి కణుపుతో కొట్టాడు. "లోపల బోలు లేదు. ఇది ఒట్టి చెక్క."

"ఎలక్ట్రిక్ గిటార్ అలాగే ఉంటుంది, దొన్ తెయోఫిలో," అంది గౌదెన్సియా.

"వెనక ఈ నాలుగు మరలేమిటి? మెడ విరిగితే బిగించారా?"

"అన్నీ అలాగే బిగిస్తారు."

"అన్నీ అలాగే విరిగాయేమో."

రుస్బెల్ తల పట్టుకున్నాడు. "పద్రినో, నేను చూశాను కదా!"

"నువ్వు చూసింది మూట పై వరస. నేను అడుగు చూడాలి. నువ్వు వెళ్ళు."

చివరికి ఒప్పందం కుదిరింది. మొత్తం డబ్బు కట్టి గిటార్ తీసుకెళ్ళాలి. నచ్చకపోతే మధ్యాహ్నం లోపల, ఎలా తీసుకెళ్ళాడో అలాగే తెచ్చిస్తే డబ్బు వాపసు. ఇంకొకరైతే గౌదెన్సియా నవ్వి పంపేసేది. తెయోఫిలో కాబట్టి ఒప్పుకుంది.

అడుగు చూడ్డానికి ఆయనకు తెలిసిన మనిషి ఒక్కడే, సోసిమో. తలుపులూ శవపేటికలూ చేసే వడ్రంగి. ఒకరి బిడ్డకు ఒకరు జ్ఞానస్నానం చేయించారు కనుక ఒకరినొకరు "కొంపాద్రే" అని పిలుచుకుంటారు. సోసిమో గిటార్‌ను బల్ల మీద పెట్టి, మెడ మీద ఇనుప కొలబద్ద ఆనించి, కిందికి వంగి వెలుతురు చూశాడు.

"కొంపాద్రే, నిన్ను ముంచారు. మెడ వంకర."

"ఎంత?"

"వెంట్రుకవాసి. అయినా వంకర వంకరే. ఇలాంటి మూత పెట్టి పంపిస్తే నా పేటికలోని శవం కూడా లేచి తిడుతుంది."

గిటార్ సంచిలో మర తిప్పే ఆరు పలకల చిన్న ఇనుప తాళంచెవి ఒకటి ఉంది. గిటార్ తల దగ్గర దానికి సరిపోయే బెజ్జం ఉంది. బెజ్జమూ చెవీ ఎదురెదురుగా కనిపిస్తే తిప్పకుండా ఉండగలిగే వడ్రంగి ఇంకా పుట్టలేదు. సోసిమో తిప్పాడు. లోపలి కడ్డీ బిగిసింది, మెడ కర్రలా నిటారైంది.

"అదీ! ఇప్పుడు వాయించు."

తెయోఫిలో ఒక తీగ మీటాడు. మూకుడు కింద ఈగ చిక్కినట్టు జుయ్యిమంది.

"చూశావా, దాగిన లోపం బయటపడింది!" అన్నాడు ఉత్సాహంగా. తామే తెచ్చిపెట్టిన లోపమేమో అన్న అనుమానం ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. పుచ్చు దుంప దొరికినప్పుడు వర్తకుడికి కలిగే సంతోషం అలాంటిది.

ఆ సంతోషంలోనే వెనక నాలుగు మరలూ విప్పారు. మెడ ఊడి చేతికి వచ్చింది. అది కూర్చునే గుంటలో, అడుగున, గోరంత అట్టముక్క.

సోసిమో దాన్ని గోటితో పెళ్ళగించాడు.

"అట్ట!" అన్నాడు తెయోఫిలో. "పన్నెండు వందల సరుకులో అట్ట!"

"గుంట సరిగ్గా చెక్కడం చేతకాక కప్పిపెట్టారు," అని సోసిమో దాన్ని రంపపు పొట్టులోకి విసిరేసి మెడ మళ్ళీ బిగించాడు. ఇప్పుడు తల వైపు తీగలు మెట్లను ఒరుసుకుంటున్నాయి. ఒంటి వైపు మాత్రం కింద వేలు దూరేంత ఎత్తుకు లేచాయి. పైన మీటితే జుయ్యి, కింద నొక్కితే వేలికి కోత.

అప్పుడు తెయోఫిలో తల చల్లబడింది. లెక్క వేశాడు. గౌదెన్సియా దగ్గరికి వెళ్ళి "మెడ వంకర, లోపల అట్ట" అంటే, "విప్పారా?" అని అడుగుతుంది. విప్పానంటే డబ్బు రాదు. లోపం చెబితే నష్టం, చెప్పకపోతే లాభం. వర్తకుడికి ఇంతకన్నా తేలిక లెక్క లేదు.

కొట్టుకు వెళ్ళి, గిటార్ బల్ల మీద పెట్టి, "రంగు నచ్చలేదు," అన్నాడు.

గౌదెన్సియా ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. గిటార్‌ను స్పీకరుకు తగిలించలేదు, తీగ మీటి కూడా చూడలేదు. డబ్బు ఇచ్చేసింది. ఆమె లెక్క ఆమెది: ఈ మనిషి ఇసుమంత లోపం పట్టుకున్నా సగానికి సగం తగ్గించమని పొద్దు గుంకేదాకా పీడించేవాడు. రంగు మీద పెట్టాడంటే సరుకులో లోపం లేదన్నమాట.

"ఈ ధరలో ఇంకోటి ఉందా?" అన్నాడాయన.

"ఇదొక్కటే."

మిగిలిన రెండు కొట్లకూ పరుగు తీశాడు. ఒకటి వార్షికోత్సవమని మూసి ఉంది. రెండోదానిలో ఉన్నవి నాలుగు వేలదీ, పిల్లలు ఆడుకునేదీ. ఇక మిగిలింది అబద్ధం. తిక్లియో కనుమ దగ్గర మంచు కురిసి లీమా నుంచి లారీ రాలేదని చెప్పాలనుకున్నాడు. ఆ మార్కెట్‌లో బాకీ తీర్చలేని ప్రతివాడూ ఆ కనుమ మీదే మంచు కురిపిస్తాడు.

ఈలోగా స్పీకర్లు ఎక్కిస్తున్న రుస్బెల్ కనిపిస్తే తెయోఫిలో భార్య నెలీదా "గిటార్ బాగుందా?" అని అడిగింది.

"బాగానే ఉందమ్మా. పద్రినో అడుగు చూస్తానని పట్టుకుపోయారు."

 ఆ అడుగు చూడడం ఎంతసేపు పడుతుందో నెలీదాకు తెలుసు. పెళ్ళికి ముందు ఆమెనూ అలాగే రెండేళ్ళు చూశాడు. గౌదెన్సియా కొట్టుకు పరుగెత్తింది. ఎర్ర గిటార్ గోడకు వేలాడుతోంది.

"మా ఆయన తీసుకెళ్ళింది ఇదేనా?"

"ఇదే. వాపసు ఇచ్చారు. రంగు నచ్చలేదట."

"రంగా? ఆ మట్టి రంగు టోపీ తప్ప ఇంకో రంగు ఎరగని మనిషికా?" నెలీదా నడుం మీద చెయ్యి వేసుకుంది. "వంక దొరక్క రంగు మీద పెట్టాడు. డబ్బు చెల్లించే వేళకు చేతులు వణికాయి. మూడింటికి ఊరంతా మా మొహాన ఉమ్మేస్తుంది. ఇటివ్వు."

"పదమూడు వందల యాభై."

"పొద్దున పన్నెండు వందలే కదా!"

"పొద్దున దీన్ని ఎవరూ చూడలేదమ్మా. ఇప్పుడు దొన్ తెయోఫిలో చూశారు."

నెలీదా పళ్ళు కొరుక్కుంది. అయితే ఆ మాటకు ఆ మార్కెట్‌లో ఎదురు లేదు. భుజాన తగిలించుకునే పట్టీ కొసరు వేయించుకుని డబ్బు కట్టేసింది.

మూడు కావస్తోంది. తెయోఫిలో వేదికెక్కి, కనుమ మీద మంచు కురిపించడానికి నోరు తెరిచాడు. నెలీదా చెవిలో వేసిన మాట అందుకుని మైకు పట్టుకున్నవాడు ముందే అరిచాడు: "ఇదిగో వచ్చేసింది! మన పద్రినో దొన్ తెయోఫిలో కంచాన్యా స్వయంగా పరీక్షించి, పదమూడు వందల యాభై సోల్‌లు పోసి కొన్న గిటార్!"

నెలీదా మెట్లెక్కి ఎర్ర గిటార్ ఆయన చేతుల్లో పెట్టింది. "రంగు నచ్చలేదా నీకు?" అంది పళ్ళ సందున. "ఇంటికి రా, రంగులన్నీ చూపిస్తా."

తెయోఫిలో గిటార్ వెనక మరల వంక చూస్తూ బీరు సీసా వంచాడు. 

"నాలుగు చుక్కలే పద్రినో, లోపల కరెంటు," అని రుస్బెల్ గిటార్ అందుకుని స్పీకరుకు తగిలించి మొదటి వరస ఎత్తుకున్నాడు. మార్కెట్ మొత్తం మీద వెయ్యి ఈగలు ఒక్కసారి లేచినట్టయింది. ముందు వరసలో, ఒప్పందం ఇచ్చే మార్కెట్ సంఘం అధ్యక్షురాలు చెవులు మూసుకుంది. హౌహా బృందం వాళ్ళు గిటార్లు భుజాన వేసుకుని మొదటి మెట్టు ఎక్కారు.

రుస్బెల్ తీగలను అరచేత్తో నొక్కేశాడు. "పద్రినో, పొద్దున ఇది ఇలా లేదు!"

"కొట్టువాళ్ళ మోసం!" అని మైకులోనే అరిచాడు తెయోఫిలో. "మెడ వంకర! లోపల అట్ట!"

రెండో వరసలోంచి గౌదెన్సియా లేచింది. "లోపల అట్ట ఉందని మీకెలా తెలుసు దొన్ తెయోఫిలో? మీరు నాతో చెప్పింది రంగు గురించే కదా?"

గుంపు వెనక నుంచి, బీరు పెట్టె మీదికెక్కి మరీ, సోసిమో కేకేశాడు: "దాన్ని పట్టుకుంది నేను కొంపాద్రే! మెడ విప్పింది నేను, అట్ట పీకింది నేను, వంకర తీసింది నేను! నా పేరు కూడా మైకులో చెప్పించు!"

చెప్పించే పని లేకుండానే అందరికీ వినిపించింది.

రుస్బెల్ వేదిక మీద చతికిలబడ్డాడు. "వంకర తీసేశారా? తీగ ఊగడానికే ఆ వంపు పద్రినో! అట్ట మోసం కాదు, ఎత్తు సరిచేయడానికి పెడతారు! దేవుడా!"

"ఆ మాట పొద్దునే చెప్పొచ్చుగా?"

"చెప్పనిచ్చారా? పై వరస చూసేవాణ్ణి, వెళ్ళమన్నారు!"

హౌహా వాళ్ళు రెండో మెట్టెక్కారు. నెలీదా వెళ్ళి మూడో మెట్టు మీద పరుచుకుని కూర్చుంది. ఆమె ఒళ్ళు దాటి వెళ్ళడం పోలీసులకు కూడా సాధ్యమయ్యే పని కాదు. సోసిమో జేబులోని స్క్రూడ్రైవర్ చేతులు మారుతూ వేదిక మీదికి వచ్చింది. రుస్బెల్ తీగలు వదులు చేసి, మరలు విప్పి, బీరు పెట్టె అట్ట చింపి, పళ్ళతో కొరికి సరిచేసి గుంటలో పెట్టి మెడ బిగించాడు. సంచిలోని ఇనుప చెవి తీసి వెనక్కి తిప్పి, ఒక కన్ను మూసి చూసి, ఇంకొంచెం తిప్పాడు. ఆ కాసేపూ మైకువాడు ఉత్సవానికి ఎవరెవరు ఎన్ని పెట్టెల బీరు ఇచ్చారో గొంతు పోయేదాకా చదివాడు. అధ్యక్షురాలు రెండుసార్లు గడియారం చూసింది. తెయోఫిలో ఆమెను తప్ప ఇంకెవరినీ చూడలేదు.

రుస్బెల్ శ్రుతి చేసి మీటాడు. ఈసారి గిటార్ సన్నగా, తీయగా ఏడ్చింది. చిచా పాటకు కావలసిన ఏడుపు అదే. మూటలు మోసేవాళ్ళు మూటలు దించి ఆడారు. మూడో పాటకు అధ్యక్షురాలు కూడా లేచింది. సాయంత్రానికి శనివారాల ఒప్పందం మీద రుస్బెల్ సంతకం పెట్టాడు. హౌహా బృందం బస్సెక్కింది.

తెయోఫిలో ఊపిరి పీల్చుకుని, జేబులోని పన్నెండు వందలు నెలీదాకు అప్పగించాడు. ఆమె లెక్క చూసుకుని, చెయ్యి అలాగే చాచి ఉంచింది. మిగతా నూట యాభై కూడా ఇచ్చుకుని, మండిపోతూ గౌదెన్సియా దగ్గరికి వెళ్ళాడు.

"గిటార్ ధర పన్నెండు వందలు. న్యాయమే. ఈ నూట యాభై ఎందుకు పుచ్చుకున్నావు?"

"పరీక్షకు."

"పరీక్ష చేసింది నేను!"

"అందుకే కదా ఎక్కువ పలికింది," అంది గౌదెన్సియా. "ఇంకెవరు చేసినా నూరే వేసేదాన్ని."

ఆ లెక్కలో తప్పు పట్టుకోవాలని తెయోఫిలో అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు. సరుకు అంతటా ఒకే రకం.