సీసాలో వచ్చిన ఆంబోతు

అయ్యా, ఆంబోతుకు తగిన నివాసం సీసాయే!

తమాషాకు అనడం లేదు. ఈ మధ్య మన చిత్తూరు జిల్లాలో కొందరు పెద్దమనుషులు, "కలికాలం ముదిరింది, ఆవుకు ఆంబోతు ముఖమైనా చూపించకుండా దూడను పుట్టిస్తున్నారు" అని వాపోతున్నారు. వారిని సవినయంగా అడుగుతున్నాను. సీసా ఏనాడైనా మీ చెరకుతోటలో పడి మేసిందా? సంతలో ఎవరినైనా కుమ్మిందా? కూరగాయల గంపలో మూతి పెడితే తరమడానికి ఏ అవ్వయినా కర్ర కోసం వెతుక్కుందా?

సీసాకు ఉలవలు ఉడకేయనక్కరలేదు. మనిషికే బియ్యం కార్డు మీద కొలిచి పోస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న లాభమా? బెంగుళూరులో ఏదో ఒక ఆంబోతు పొద్దున్నే తన పని కానిస్తుంది. ఆ బీజాన్ని కోడిగుడ్డు పచ్చసొనలో కలిపి, మంచుగడ్డల నడుమ ఫ్లాస్కులో పెట్టి, బొగ్గు గ్యాసు బస్సెక్కిస్తారు. మధ్యాహ్నానికి పలమనేరులో దిగుతుంది. అదే బస్సులో మనం ఎక్కితే ఎత్తు వచ్చినచోటల్లా దిగి తోయాలి. ఆంబోతు దిగనక్కరలేదు!

కోడిగుడ్డు మాట బయటికి పొక్కగానే తిరుపతిలో మా ఎదురింటి అలివేలమ్మగారు నన్ను వీధిలో నిలబెట్టి, "అట్లాంటి ఆవు పాలు సామికి పనికొస్తాయా?" అని నిలదీశారు. కోడి పెంట వేసిన మడిలో పండిన బియ్యంతోనే కదమ్మా నైవేద్యం, అన్నాను. ఆవిడ నాతో మాట్లాడడం మానేశారు. శాస్త్రం వల్ల నాకు కలిగిన మొదటి మేలు అదే.

ఇన్ని లాభాలున్న ఈ పద్ధతికి లోపం ఒకటే. ఫ్లాస్కు ఒంటరిగా రాలేదు. దాని వెంట మైక్రోస్కోపు కూడా వచ్చింది. చిక్కంతా దానితోనే!

దేవరాజులు నాతోపాటు చదువుకున్నవాడు. పలమనేరు పక్క పల్లెలో వ్యవసాయం. ఇరవై ఎకరాల మెట్ట, రెండు బావులు, ఒక ఆంబోతు. ఆ ఆంబోతు పేరు దొర. పలకలాంటి నుదురు, పల్లకీ బొంగంత మెడ, మూపురం చూస్తే చిన్న గుట్ట. దేశమంతా దొరలు వెళ్ళిపోవాలని జెండాలు పట్టుకుని తిరుగుతుంటే, దేవరాజులు దొరకు మాత్రం మెడలో కొత్త గంట కట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఆవు ఎదకు వచ్చినా దొర దగ్గరకే తోలుకువచ్చేవారు.

మూడేళ్ళుగా ఆ ఆవులు సూడి కట్టడం మానేశాయి. దొరను అనుమానించే మూర్ఖుడు ఎవడు? ఆ మూపురం చూసిన తరువాత? ఆవులే గొడ్డుపోయాయని తేల్చారు. గొడ్డుటావులను సంతకు తోలారు. అక్కడ వాటిని కొనేవాళ్ళకు పాలతో పని లేదు, తూకం ఉంటే చాలు.

దేవరాజులు ఇంట్లోనూ అదే కథ. భార్య చెంగమ్మ కాపురానికి వచ్చి పదేళ్ళయింది. కడుపు పండలేదు. ఆమె తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతాన్ని మోకాళ్ళ మీదనే ఎక్కింది, మూడుసార్లు. తడిబట్టలతో గుళ్ళో నేల మీద బోర్లా పడుకుని వరపడింది. పరగడుపున వేపచిగురు నూరి మింగింది. ఎవరో సాధువు చెప్పాడని బొడ్డు కింద కాల్చి వాత కూడా పెట్టించారు. లోపం ఆమెదేనని ఎలా తెలిసిందని అడుగుతారా? అదేమి ప్రశ్నండీ, ఆమె ఆడది గదా!

దేవరాజులు రెండో పెళ్ళికి సిద్ధపడ్డాడు. స్నేహితుడిగా సంబంధం చూసింది నేనే. రేణిగుంట దగ్గర తిరుమలమ్మ అనే పెద్దావిడ మనుమరాలు. చెంగమ్మను తీసుకుపొమ్మని ఆమె పుట్టింటికి నాలుగు ముక్కలు జాబు రాసింది కూడా నేనే, అక్షరాలు గుండ్రంగా వస్తాయని. సరిగ్గా అదే వారం, చెంగమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొట్టి పుంగనూరు ఆవు, బొల్లావు, అది కూడా గొడ్డుదేనని తీర్పయింది. శుక్రవారం సంతకు తోలాలని నిర్ణయం.

బుధవారం నాడు, పెళ్ళి మాటల కోసం నేను కూడా అక్కడే ఉండగా, రాజారత్నం వచ్చాడు. కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు. ముప్పై ఏళ్ళుండవు. సైకిలు వెనక ఫ్లాస్కు, ముందు చెక్కపెట్టె.

"దొర ఉండంగా సీసా యెందుకప్పా మాకు?" అన్నాడు దేవరాజులు. "కావాలంటే రెండూ పక్కన పెట్టి సూడు. యాది గొప్పదో తెలిసిపోతాది."

కోరి తెచ్చుకోవడమంటే ఇదే! డాక్టరు కొట్టంలోకి వెళ్ళి, తన రబ్బరు గొట్టం సరంజామాతో దొర బీజం పట్టుకొచ్చాడు. అరుగు మీద ఎండ పడేచోట మైక్రోస్కోపు నిలబెట్టాడు. మొదట బెంగుళూరు చుక్క చూపించాడు. చుట్టూ మూగిన ఊరివాళ్ళలోంచి ఎల్లప్ప అనేవాడు ముందుగా కన్ను ఆనించి ఎగిరిపడ్డాడు. "అమ్మో, తిరణాల మాదిరి ఉండాది! తోసుకోని పోతాండాయి!"

తరువాత దొర చుక్క. ఎల్లప్ప చాలాసేపు చూశాడు. "నిద్రపోతాండాయా సామీ?"

"లేదయ్యా. చచ్చిపోయినవి. అన్నీ."

మునిరామయ్య అనే ముసలి రైతు ముందుకు వచ్చాడు. మూడు ఆవులను సంతకు తోలినవాడు. "అయితే మా ఆవుల్లో దోసం యేమీ ల్యా?"

"ఏ లోపమూ ఉండి ఉండదు, తాతా."

మునిరామయ్య అరుగు అంచున కూర్చుండిపోయాడు. "నా సేత్తోనే పలుపు ఇచ్చినానే" అని మాత్రం అన్నాడు.

దేవరాజులు ముఖం నల్లబడింది. కుర్రడాక్టరుకు జాలి వేసినట్లుంది. నచ్చజెప్పడానికి సృష్టి వైచిత్ర్యం ఎత్తుకున్నాడు. మగజాతికి ఏ లోకంలోనూ పూచీ లేదని చెబితే దేవరాజులు తేలికపడతాడనుకున్నాడు కాబోలు!

తేనెటీగల్లో మగది రాణితో ఒక్కసారి కలిసి అక్కడికక్కడే చస్తుందట. రాణి ఆ బీజాలను కడుపులో ఊరగాయలా దాచుకుని, మూడు నాలుగేళ్ళు వాడుకుంటుందట. నడిసముద్రంలో ఒక చేప ఉన్నదట. వేలెడంత మగది వచ్చి, బుట్టంత ఆడదాన్ని కొరికి పట్టుకుంటే ఇక ఊడదట. మూతి ఆమె ఒంట్లో కలిసిపోయి, కళ్ళు పోయి, చివరికి బీజాల సంచి ఒకటి మిగులుతుందట.

"ఇల్లరికం గదా అది!" అన్నాడు ఎల్లప్ప. తానే ఇల్లరికపు అల్లుడు. ఎదురుగా అత్త అక్కమ్మ ఉన్నందువల్ల ఎవరూ గట్టిగా నవ్వలేదు.

కుంటల్లో నువ్వుగింజంత పురుగు ఉంటుందట. దాని బీజం దాని ఒంటికన్నా పొడవట! పలుపుతాడులా చుట్టలు చుట్టి కడుపులో మోస్తుందట. అమెరికా అడవుల్లో ఒక జంతువు బీజాలు కాడికి కట్టిన ఎద్దుల్లా జంటలు జంటలుగా ఈదుతాయట. సముద్రపు గుర్రమని ఒకటుందట, అందులో కడుపు మోసేది, కనేది మగవాడేనట. ఆ మాటకు వాకిట్లో ఆడవాళ్ళంతా ఆ సముద్రం యాడుందని అడిగారు. మన అనపచెట్టు మీది పేనుబంకకైతే మగతోడే అక్కరలేకుండా పిల్లలు పుడతాయని చెప్పేసరికి, అక్కమ్మ, "పురుగే మేలమ్మా" అని నిట్టూర్చింది.

చెంగమ్మ తలుపు పక్కన మజ్జిగ చెంబుతో నిలబడి అంతా వింటోంది. ఆమె నలుగురిలో మాట్లాడడం నేను పదేళ్ళలో చూడలేదు.

"ఇన్ని పురుగుల కత జెప్పినావు గదా నాయనా, మనిసి కత జెప్పు" అంది. "ఈ అద్దం మొగోళ్ళకు పనికొస్తాదా?"

డాక్టరు తడబడ్డాడు. "వస్తుందమ్మా. ఇదే అద్దం. అయితే నేను పశువుల డాక్టర్ని. జిల్లా సరిహద్దు అవతల పెద్దాసుపత్రిలో చూస్తారు."

"లోపలికి పో!" అని గద్దించాడు దేవరాజులు.

"పోతాను మామా. పోయేముందు ఒక మాట. నన్ను పదేండ్లు సూసినారు. మంత్రసాని సూసె, సాధువు సూసె, కాల్చి గూడా సూసిరి. దొరను ఒక గంట సూస్తే తెలిసిపాయ. నీకూ గంటేగా పట్టేది?"

ఇలాంటి సమయంలో పెద్దమనిషి ఊరుకోకూడదు. నేను కలగజేసుకున్నాను. "చెల్లెమ్మా, పశువు వేరు, మనిషి వేరు."

ఆమె నావైపు తిరిగింది. "అవునన్నా. ఆవును సంతకు తోలతారు, నన్ను పుట్టింటికి తోలతారు. జాబు రాసింది నువ్వేనంట గదా, మా తమ్ముడు సదివి ఏడ్సినాడంట. అక్షరాలు బాగుండాయన్నాడు."

మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మజ్జిగ ఎవరూ తాగలేదు.

శుక్రవారం బొల్లావు సంతకు పోలేదు. చెంగమ్మ పలుపు చేతికి చుట్టుకుని కొట్టంలో కూర్చుంది. ఆవుతోపాటు ఆమెను కూడా లాక్కుపోవలసి వస్తుందని దేవరాజులు ఊరుకున్నాడు. పది రోజులకు అది ఎదకు వచ్చింది. రాజారత్నం సైకిలు మీద ఫ్లాస్కుతో వచ్చి తన పని చేసి వెళ్ళాడు.

నేను ముహూర్తం ఖాయం చేయడానికి రేణిగుంట పోయాను. తిరుమలమ్మ వక్క కొరుకుతూ కూర్చుంది. అరుగు మీది మాటలు నాకన్నా ముందు బస్సెక్కి వచ్చేసినట్లున్నాయి.

"ఎద్దును కొంటే పండ్లు సూస్తాం, సుళ్ళు సూస్తాం, కాడికి కట్టి నడిపించి సూస్తాం" అంది ఆవిడ. "పిల్లనిచ్చేటప్పుడు సూడొద్దా? అద్దం కింద సూసి కాగితం రాసిస్తారంటనే. ఆ కాగితం తెమ్మను. పిల్ల యాడికీ పోదు."

చూశారా అరాచకం! పుత్తూరులో ఇంకో సంబంధం కదిపాను, అక్కడా కాగితమే. చంద్రగిరిలోనూ కాగితమే. ఇరవై ఎకరాల ఆసామి, ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాడు! ఆయన మీసం చూసి నమ్మకుండా చుక్క చూసి నమ్ముతారట!

చివరకు దేవరాజులు రోషానికి పోయి, "పద, కాగితం తెచ్చి ఆ ముసల్దాని మొగాన కొడదాం" అన్నాడు. ఇద్దరం సరిహద్దు దాటి ఆసుపత్రికి వెళ్ళాం. వాడు లోపలికి పోయి వచ్చాడు. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. తరువాత ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. వాడు నా చేతిలో పెట్టాడు.

నేను చదివాను. మళ్ళీ చదివాను.

"దొర మాదిరేనా?" అన్నాడు.

"దొర మాదిరే."

తిరుగుదారిలో గుట్ట ఎక్కేచోట అందరూ దిగి బస్సు తోస్తుంటే, వాడు కూడా దిగి అందరికన్నా గట్టిగా తోశాడు. ఇంటికి చేరేసరికి చెంగమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. వాడు కాళ్ళు కడుక్కోకుండా చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"పెండ్లి ల్యా. యాడికీ పోవొద్దు నువ్వు" అన్నాడు. మళ్ళీ, "ఆ కాల్చిన సోట ఇంకా నొప్పుండాదా?" అన్నాడు.

"అది మానిపోయి ఆరేండ్లాయ మామా" అంది చెంగమ్మ. చెంబు తీసుకుని లోపలికి పోయింది. లోపల చాలాసేపు ఏడ్చింది. దేవరాజులు గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి పోయే ధైర్యం వాడికి లేకపోయింది. నాకు అక్కడ నిలబడే ధైర్యం లేకపోయింది.

ఆ తరువాత సంగతులు బాగానే ఉన్నాయి. బొల్లావుకు పెయ్యదూడ పుట్టింది. మునిరామయ్య రోజూ వచ్చి దాన్ని నిమిరి పోతాడు. చెంగమ్మ తమ్ముడి రెండో కూతుర్ని తెచ్చి పెంచుకుంటున్నారు. దొరను మాత్రం ఎవరూ సంతకు తోలలేదు. ఎంతయినా మగవాడు, మర్యాదస్థుడు! ఇప్పటికీ వేళకు ఉలవలు తింటూ సుఖంగా ఉన్నాడు. గొడ్డుదన్న పేరు కూడా లేదు, విశ్రాంతి తీసుకుంటున్నాడని చెబుతారు.

కనుక సర్కారువారికి నా మనవి ఏమిటంటే, ఫ్లాస్కులు ఎన్నయినా పంపండి. మైక్రోస్కోపులను మాత్రం పశువుల కొట్టం దాటనీయకండి. మనుషుల్లో ఎవరు గొడ్డో తేల్చడానికి మనకు వేల ఏళ్ళ నాటి సులువైన పద్ధతి ఉంది, చీర చూస్తే చాలును!

మొన్న పలమనేరు బస్సు దగ్గర రాజారత్నం కనిపించి, కుశలమడిగి, "మీకు ఎంతమందండీ?" అన్నాడు.

"ఇద్దరు" అన్నాను. అబద్ధం ఆడలేదు. ఆయన అడిగింది పిల్లల లెక్క, నేను చెప్పింది భార్యల లెక్క. పెద్దామె వసంతమ్మ పదకొండేళ్ళుగా పుట్టింట, తన అన్నగారి దగ్గర ఉంది. చిన్నామె మునిలక్ష్మి ఈమధ్య శనివారాలు ఒంటిపూట ఉంటోంది. మా అమ్మ ఇంకో సంబంధం చూడమంటోంది.

ఆసుపత్రిలో ఆ రెండు గంటలూ దేవరాజులు పక్కన బెంచీ మీద కూర్చున్నానని చెప్పాను కదా. ఒక నర్సమ్మ చీటీల కట్ట పట్టుకుని వచ్చి, వాడి పేరు రాసుకుని, నావైపు చూసి, "మీరు కూడానా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. "నేను ఊరికే తోడొచ్చినాను."