వెనకాల డిస్కు వాడుతున్నదెవరు?

ఆ ఉదయం సిద్దేశ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వేడి జొన్నరొట్టె తినాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పన్నెండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్లకు చూపించాలి. లుంగీ మార్చే ఉద్దేశం లేదు. అది కెమెరాకు కనబడదు.

పని చిన్నదే గాని, చోరనూరులో అతని కాపురం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. పోయిన వారం ఇలాగే చూపిస్తుంటే తెర బిగుసుకుపోయింది. ఇంకోసారి అలా జరిగితే సోమవారం బెంగళూరొచ్చి ఆఫీసులో కూర్చోమని మేనేజరు షాలిని మేడం తేల్చి చెప్పేసింది. భార్య రక్షితకు ఇక్కడి బడిలోనే ఉద్యోగం. నాన్న కనకప్పకు కొడుకు కళ్లెదుట ఉంటేనే ముద్ద దిగుతుంది. సాయంత్రమైతే సండూరు కొండల మీంచి చల్లగాలి వస్తుంది. సిద్దేశ్ ఈ ఊళ్లో నిజంగా సుఖంగా ఉన్నాడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

రొట్టె అయింది, చొక్కా అయింది. ల్యాప్‌టాప్ దగ్గరే పని ఆగిపోయింది. ఏ ఫైలు నొక్కినా, ఎండలో పడుకున్న ఎనుము లేచినట్టు బద్ధకంగా లేస్తోంది. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ ఆపాడు. చివరికి సండూరులో రిపేరు అంగడి నడిపే స్నేహితుడు తిరుమలేష్‌కు ఫోన్ చేసి, చేతులు ఖాళీగా ఉండాలని స్పీకర్లో పెట్టాడు. కొంప ముంచింది ఆ స్పీకరే.

"టాస్క్ మేనేజర్ తెరువప్పా. డిస్కు ఎంత చూపిస్తాండాది?" అన్నాడు తిరుమలేష్.

"నూటికి నూరు! ఎర్రగా ఉండాది."

"అనుకుంటి. నీకు తెలీకుండా వెనకాల ఎవుడో డిస్కు వాడుకుంటాండాడు."

"ఎవుడప్పా వాడు?"

"బయటోడు కాదులే, ఇంటోడే."

పంచలో తలపాగా చుట్టుకుంటున్న కనకప్ప చెయ్యి అక్కడే ఆగింది. ఆయనకు లోకంలో తెలిసిన డిస్కు ఒక్కటే, ట్రాక్టరుకు తగిలించి చేను దున్నే ఇనుప డిస్కు. అది ఉండేది ఇంటి వెనకాలే. ఈమధ్య దాని పళ్లేలు తుప్పన్నది లేకుండా తళతళలాడుతుంటే, అదంతా తన జాగ్రత్తేనని ఆయన మురిసిపోతున్నాడు కూడా. ఇంటోడు అనగానే పక్కవీధి తమ్ముడు రుద్రేశ్ గుర్తొచ్చాడు. రుద్రేశ్‌కు ట్రాక్టరుంది, డిస్కు లేదు. కనకప్ప సగం చుట్టిన తలపాగాతోనే గడప దాటాడు.

ఫోన్లో మాట ఇంకా అయిపోలేదు. "అప్‌డేట్ నడుస్తాండాదిలే. నువ్వు ఆపిన కొద్దీ అది మళ్లీ మొదట్నుంచి వస్తాది. సుమ్నె గమ్మునుండి ఒక గంట దాన్ని ముట్టుకోవద్దు," అని తిరుమలేష్ ఫోన్ పెట్టేశాడు. సిద్దేశ్ సరేనని, ఆ వెంటనే ఇంకోసారి ఆపి మళ్లీ వేశాడు.

"ముట్టుకోవద్దనె గదా ఆ యప్ప?" అంది రక్షిత.

"ముట్టుకోలే. చూస్తాండా, అంతే."

"వేలుతోనా చూసేది?"

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కునేలోగా వీధిలోంచి కేకలు వినబడ్డాయి. తొంగి చూసిన రక్షిత కంగారుగా వెనక్కి తిరిగింది. "రుద్రేశ్ మామ ఇంటి ముందర మీ నాయన అరుస్తాండాడు. మధ్యలో నీ పేరు చెప్తాండాడు. బిన్నె పో!"

సిద్దేశ్ ఇస్త్రీ చొక్కా, లుంగీతో పరుగెత్తాడు. అక్కడ అప్పటికే సగం వీధి చేరింది.

"నా డిస్కు నూటికి నూరు నువ్వే వాడుకుంటివంట! నాకు ఒకటన్నా మిగిలిస్తివా?" అంటున్నాడు కనకప్ప.

"నాయనా, అది మన డిస్కు కాదు. నా ల్యాప్‌టాప్ లోపలిది!"

"లోపలేంది? వెనకాల అనె ఆ పిల్లోడు. నా చెవులతో వింటి."

సిద్దేశ్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రుద్రేశ్ వైపు తిరిగి చేతులు జోడించాడు. "చిన్నాయనా, తప్పు మాది. మనసులో పెట్టుకోవద్దు."

రుద్రేశ్ ముఖం పాలిపోయి ఉంది. "తప్పు నాదేలేప్పా. పొద్దున్నే మీ నాయన టీ అంగడికి పోతానే డిస్కు తగిలిచ్చుకుని పోతాంటి. పని అయినాక కడిగి, గ్రీజు పూసి, యాడిదాడ పెడ్తాంటి. అది సరే గానీ, మీకెట్ల తెలిసె?"

వీధంతా సిద్దేశ్ వైపు తిరిగింది. కనకప్ప కోపం ఒక్కసారిగా గర్వంగా మారిపోయింది. "మావాని కంప్యూటర్లో తెలిసె. అడిగితే ఇయ్యనా నేను?"

"ఇస్తావు అన్నా. దాని వెంట నువ్వూ వస్తావు. ఎట్ల దున్నాల్లో చెప్తా గట్టు మింద కూచుంటావు."

కనకప్పే ముందుగా నవ్వాడు. ఆ తర్వాత రాజీ గుర్తుగా ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. ఆ ఇంట్లో తినకుండా లేస్తే ఇంకో గొడవ మొదలవుతుంది. సిద్దేశ్ గడియారం చూస్తూ బజ్జీలు మింగాడు.

పన్నెండవుతుండగా ఇల్లు చేరేసరికి ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా ఉంది. ఇంతసేపు ముట్టుకునేవాడు లేక అప్‌డేట్ పూర్తయిపోయింది. డిస్కు దాదాపు సున్నా. నొక్కీ నొక్కకముందే ఫైళ్లు తెరుచుకుంటుంటే సిద్దేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. హుషారుగా చూపించడం మొదలుపెట్టాడు.

సగంలో ఉండగా కెమెరాలో అతని భుజం వెనక అదే వీధిలో ఉండే దేవక్క కనబడింది. తన బోరు కరెంటు వెనకాల ఎవరు వాడుకుంటున్నారో చూసిపెట్టమని వచ్చిందట. ఆమె వెనక కోదండరామి, అతని వెనక ఇంకో నలుగురు. కనకప్ప వాళ్లను గోడ వారన వరుసగా నిలబెడుతున్నాడు.

"హూ ఆర్ దే?" అన్నాడు కస్టమరు.

"యూజర్స్ సార్," అనేశాడు సిద్దేశ్ నోటికొచ్చినట్టు.

పల్లెటూళ్లో కూడా మనుషులు వరుసకట్టే సాఫ్ట్‌వేర్ అని కస్టమరు పొంగిపోయాడు. ఇక బెంగళూరు రానక్కర్లేదని, ఎప్పటికీ చోరనూరు నుంచే పని చేసుకోవచ్చని సాయంత్రానికల్లా షాలిని మేడం కబురు పంపింది. రక్షిత కళ్లు ఆనందంతో చెమర్చాయి. కనకప్ప వీధంతా బెల్లం పంచాడు. మర్నాటికి గోడ వారన వరుస వీధి చివరిదాకా పెరిగింది.

ఆ సోమవారం నుంచి సిద్దేశ్, ఇంటి నుంచి పని చేసుకోవడానికి రోజూ పొద్దున్నే బస్సెక్కి సండూరులో తిరుమలేష్ అంగడికి పోతున్నాడు.