కొత్త డెస్క్‌టాప్, పాత అలవాటు

ఆ రోజు పదిగంటలకు కోడలికి వీడియో ఇంటర్వ్యూ ఉంది. అదే పదిగంటలకు అత్తగారికి రేడియో ఉంది. అత్తగారి కొడుకు భూగోళం మాస్టారికి మాత్రం బడి సెలవు, అంటే ఏ పనీ లేదు. ఏ ఇంట్లోనైనా ప్రమాదం పనిలేని మనిషి దగ్గరే మొదలవుతుంది.

మాస్టారు బళ్ళో భూగోళం చెబుతారు, ఇంట్లో వస్తువులు విప్పుతారు. గోడగడియారం, ఇస్త్రీపెట్టె, చివరికి గొడుగు కూడా ఆయన చేతిలో విడిపోయినవే. వాటిలో తిరిగి బిగించినవి కూడా కొన్ని ఉన్నాయి. ఇంట్లోని ముసలి ల్యాప్‌టాప్ మూలుగుతుంటే ఓసారి అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. అది నిజంగానే బాగుపడింది. అప్పటినుంచి ఆయన ధైర్యానికి కళ్ళెం వేసేవాళ్ళు లేకపోయారు.

ఏడుంపావుకి ఆయన ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టి విన్నారు. లోపల ఫ్యాను కుయ్యిమంటోంది.

"ఇంటర్వ్యూలో వాళ్ళకి ఈ గోల వినపడితే ఏం బాగుంటుంది? తేలికపాటి డెస్క్‌టాప్ ఒకటొచ్చింది. అది వేశామంటే చప్పుడే ఉండదు. పది నిమిషాల పని."

భార్య ఇస్త్రీ చేస్తూ ఆగింది. "ఏమండీ, ఇవాళ వద్దు. నిన్నటిదాకా బాగానే పనిచేసిందిగా."

"లోపల ఏదీ ముట్టుకోను. పైన ముఖం ఒక్కటే మారుస్తాను."

ఇది అబద్ధం కాదు. లినక్సులో ఆ సౌకర్యం ఉంది. లోపలి యంత్రాంగాన్ని అలాగే ఉంచి, పైకి కనిపించే బొమ్మలు, మెనూలు, కిటికీలు అన్నిటినీ ఒక్క ఊపున మార్చేసుకోవచ్చు. ఆ పై వేషాన్నే డెస్క్‌టాప్ అంటారు. నచ్చకపోతే పాత వేషం మళ్ళీ వేసుకోవచ్చని కూడా అంటారు. అలా అన్నవాళ్ళకు పదిగంటలకు ఇంటర్వ్యూలు ఉండవు.

ఈ ఉద్యోగం ఆమెకు కావాలి. ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల బంధువుల ఫిర్యాదులు విని సర్దిచెప్పే విభాగం అది. నాలుగేళ్ళ కిందట అత్తగారు మెట్లమీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు, కోడలు చేస్తున్న హోటల్ రిసెప్షన్ ఉద్యోగం మానేసింది. అత్తగారు లేచి నడిచారు, ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఈ ఏడాది రెండు ఉద్యోగాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి. దీనికి రాతపరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఇదీ పోతే ఇక ఎక్కడా దరఖాస్తు పెట్టకూడదని మనసులో అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే ఏడుపొస్తుందని.

ఆమె స్నానానికి వెళ్ళింది. మాస్టారు పనిలో దిగారు.

కొత్త డెస్క్‌టాప్ దిగుతూ మధ్యలో ఆగి ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆయన దేన్నీ చదవకుండా, పెళ్ళిచూపుల్లో తల ఊపినట్టు, అన్నిటికీ ఎంటర్ కొట్టారు. ల్యాప్‌టాప్ ఆగి మళ్ళీ లేచింది. ఫ్యాను నిజంగానే నోరు మూసుకుంది. కానీ తెరమీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పేజీని కిందికి తోస్తే పైకి పోతోంది. పైగా రెండు గడియారాలు, రెండు వైఫై గుర్తులు కనబడుతున్నాయి.

"ఒకటి పాతదాని తాలూకు" అని మాస్టారు కనిపెట్టారు. "తీసేస్తే సరి."

తీసేశారు. ఆ పాత గుర్తు తనతోపాటు తన చుట్టపక్కాలందర్నీ తీసుకుపోయింది. రెండో వైఫై గుర్తూ పోయింది, వైఫై కూడా పోయింది.

భార్య తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఎంతవరకూ వచ్చింది?"

"అయిపోవచ్చింది" అన్నారు మాస్టారు. అప్పటికి ఎనిమిదిన్నర.

దీనికి విరుగుడు ఇంటర్నెట్ ఫోరముల్లో వెతికి వెతికి ఆయన ఫోనులో ఛార్జి అయిపోయింది. అప్పుడు వంటింటి అలమారలోంచి పాత ఫోను తెచ్చారు. అది అత్తగారి రేడియో కోసమని ఉంచింది. దాన్ని తీగతో ల్యాప్‌టాప్‌కు కట్టి, దాని ఇంటర్నెట్‌తో పోయిన ముక్కలన్నీ ఒక్కొక్కటే దింపుకున్నారు. తొమ్మిదీ నలభైకి వైఫై తిరిగొచ్చింది. తీగలో వచ్చే కరెంటు చాలక, ఆ శ్రమకు పాత ఫోను ప్రాణం విడిచింది. మాస్టారు దాన్ని పుస్తకాల వెనక ఛార్జింగులో పెట్టి మరిచిపోయారు.

"చూశావా" అన్నారు భార్యతో. "ఇక తిరుగులేదు."

కోడలు ఇస్త్రీ బట్టల్లో, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చుంది. చప్పుడు రాకుండా గది తలుపూ, వంటింటి తలుపూ మూసేశారు. సరిగ్గా పదికి తెరమీద ఇద్దరు ప్రత్యక్షమయ్యారు. ఒకరు నెరిసిన జుట్టు డాక్టరమ్మ, రెండో ఆయన టై కట్టుకున్న ఆఫీసరు. ఇద్దరూ నవ్వారు. ఇద్దరి పెదాలూ కదిలాయి. మాట మాత్రం రాలేదు.

అంతకు ఒక్క క్షణం ముందే అత్తగారు వంటింట్లో బఠాణీల బుట్ట ముందేసుకుని, బల్లమీద ఉన్న గుండ్రటి స్పీకరు బటన్ నొక్కారు.

ఆ స్పీకరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. బటన్ నొక్కగానే అది గాల్లోనే పాత ఫోనును పట్టుకుని రేడియో వినిపించేది. ఫోను దొరకకపోతే తనకు తెలిసిన రెండో నేస్తాన్ని వెతుక్కుంటుంది. ఆ నేస్తం ల్యాప్‌టాప్, ఎప్పుడో మాస్టారు సరదాకి రెండిట్నీ కలిపి చూశారు. పాత డెస్క్‌టాప్ బ్లూటూత్‌ను నిద్రపుచ్చి ఉంచేది. కొత్తది చురుకైనది, లేస్తూనే బ్లూటూత్ తెరిచి చేతులు చాచుకుని కూర్చుంది. ఫోన్లు మాట్లాడుకోవడానికి ఆ స్పీకరులో మైకు కూడా ఉందని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. అట్టపెట్టె మీద రాసినవి ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు.

అత్తగారు రోజూ వినేది ఇంటి సమస్యలకు సలహాలు చెప్పే కార్యక్రమం. విని ఊరుకునే అలవాటు ఆవిడకు లేదు. రేడియోవాళ్ళు ప్రశ్న వెయ్యగానే అక్కడి నిపుణులకంటే ముందు తానే జవాబు చెప్పేస్తారు. పదేళ్ళుగా చెబుతున్నారు, పదేళ్ళుగా వాళ్ళు వినిపించుకోలేదు.

స్పీకరులోంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. "కోపంతో కేకలు వేస్తూ ఒక మనిషి మీ ముందుకొచ్చాడు. మొదట ఏం చేస్తారు?"

"కూర్చోబెట్టాలి" అన్నారు అత్తగారు బఠాణీ కాయ చీలుస్తూ. "కూర్చుని కేకలెయ్యడం ఎవరివల్లా కాదు. తరవాత ఓ గ్లాసు మంచినీళ్ళివ్వాలి. తాగుతున్నంతసేపూ నోరు ఖాళీ ఉండదు గదా. అప్పుడు నువ్వు చెప్పదలుచుకుంది చెప్పు."

ఇవతలి గదిలో కోడలు చెవులు చూపించి, "నమస్కారమండీ, మీ మాట నాకు వినపడటం లేదు. నా మాట మీకు వినపడుతోందా?" అని అడిగింది. వాళ్ళిద్దరూ మెచ్చుకోలుగా తల ఊపి బొటనవేళ్ళు పైకెత్తారు. అంటే తన మాట వాళ్ళకు చేరుతోందని ఆమె అనుకుంది. బొమ్మ కంటే మాట కొంచెం వెనకబడిందని వాళ్ళు అనుకున్నారు.

మాస్టారు కెమెరాకు కనబడకుండా బల్లకింద దూరి, అక్కడికి వేరే కీబోర్డు లాక్కుని టకటకా ఏవో ఆజ్ఞలు కొడుతున్నారు.

"ఏమండీ, వినపడట్లేదని రాసి పంపిస్తాను" అని ఆమె పెదవి కదపకుండా గొణిగింది.

"కీబోర్డు ముట్టుకోకు, నేను కొట్టేదాంట్లో కలిసిపోతుంది. ఒక్క నిమిషం. అందాకా నవ్వుతూ తల ఊపు."

వాళ్ళ నంబరు మెయిల్లో ఉంది, మెయిల్ ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. కుడితిలో పడ్డ ఎలుక ఎన్ని దిక్కులు చూస్తుందో అన్నీ చూసి, ఆమె నవ్వుతూ తల ఊపింది.

"మరి తప్పు మన ఆసుపత్రిదే అయితే?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒప్పేసుకోవాలి. ఒక్కసారి, చిన్నగా" అన్నారు అత్తగారు. "మా వాణ్ణి చూడండి. ఏదైనా పాడుచేస్తే అరగంట వివరణ ఇస్తాడు. వివరణ ఎంత పొడుగైతే తప్పు అంత పెద్దదని నాకు గుర్తు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "చాలా బాగా చెప్పారండీ."

అత్తగారు ఒక్క క్షణం చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయారు. 'ఇన్నాళ్ళకి వీళ్ళకి బుద్ధొచ్చింది' అనుకుని మళ్ళీ ఒలవసాగారు. తెరమీద వాళ్ళు నవ్వడం చూసి కోడలు, తన ముఖమే అంత నవ్వు తెప్పిస్తోందనుకుని ఇంకాస్త గట్టిగా తల ఊపింది.

ఈసారి టై కట్టుకున్న ఆఫీసరు ముందుకు వంగాడు. "ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్ళు ఇలాంటి ఉద్యోగానికి వేళకి రాగలరా? మధ్యలో మానెయ్యరని ఏమిటి నమ్మకం?"

"అదేం ప్రశ్న బాబూ" అన్నారు అత్తగారు. బుట్ట పక్కన పెట్టారు. "మా కోడల్ని చూసి మాట్లాడు. నాలుగేళ్ళ కిందట నేను మంచాన పడితే చేస్తున్న ఉద్యోగం మానేసి నన్ను నడిపించింది. మందు ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. నేను ఎన్నన్నా ఒక్కరోజు మొహం మాడ్చలేదు. వేళ సంగతి దాని దగ్గర నేర్చుకోవాలి నువ్వు. నా మూలంగా అది ఇంట్లో కూర్చుండిపోయిందే అని నాకు రోజూ మనసులో పీకుతూనే ఉంటుంది." ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "ఈ మాట దానికి చెప్పకండేం. నెత్తికెక్కుతుంది."

అవతల డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆఫీసరు టై సవరించుకున్నాడు. తెరమీద కోడలు ఆ పొగడ్తలన్నిటికీ అవునవునని నవ్వుతూ తల ఊపుతోంది. అప్పుడు అర్థమైంది వాళ్ళకు, మాట్లాడుతున్నది ఈమె కాదని, ఈమెకు ఏదీ వినపడటం లేదని. ఇద్దరూ చేతులు జోడించారు. తెర నల్లబడింది.

"ఇదిగో దొరికేసింది" అన్నారు మాస్టారు బల్లకిందనుంచి. "శబ్దం ఎక్కడికో వేరేచోటికి పోతోంది."

కోడలు ఏడ్చింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. "ఒక్క ప్రశ్న వినపడలేదు నాకు. పిచ్చిదానిలా తల ఊపుతూ కూర్చున్నాను. నాలుగేళ్ళనుంచి ఎదురుచూశానండీ ఈ రోజు కోసం. ఫ్యాను గోల వినపడుతుందని అన్నారే, వినపడితే ఏం పోయేది?"

జీవితంలో మొదటిసారి మాస్టారి దగ్గర వివరణ లేదు. భూగోళంలో తాను దాక్కోదగ్గ చోటు ఏదైనా ఉందేమో అని ఆలోచించారు.

అప్పుడు బటన్ల ఫోను మోగింది. డాక్టరమ్మ.

"అమ్మా, మీకు మా మాట వినపడలేదు కదూ?"

"లేదండీ. క్షమించండి. మా ఇంట్లో కంప్యూటరు..."

"ఒక్కసారి చాలు, వివరణ పొడుగైతే తప్పు పెద్దదట" అని డాక్టరమ్మ నవ్వింది. "గొంతు కాస్త ముదురుగా వినిపించినా, మొదటి రెండు జవాబులూ మీవే అనుకున్నాం. మూడోదానికి తెలిసింది, అవి మీ అత్తగారివని. రాతపరీక్షలో మీ తెలివి చూశాం, ఇవాళ చూడదలుచుకుంది మీ స్వభావం. ఇరవై ఏళ్ళుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, అందరూ తమ గురించి స్నేహితుల చేత మంచిగా రాయించుకుని తెస్తారు. అత్తగారి నోట విన్నది ఇదే మొదటిసారి. సోమవారం వచ్చి చేరండి." తరవాత అత్తగారు అన్న మాటలన్నీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది, చెప్పొద్దన్న మాటతో సహా.

ఎనిమిదేళ్ళ కాపురంలో అత్తగారు కోడలి కాఫీని కూడా బాగుందనలేదు. కోడలు ఫోను పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇందాకటి ఏడుపు వేరు, ఇది వేరు.

మాస్టారు మెల్లగా బల్లకిందనుంచి బయటికొచ్చారు. సంగతి విన్నారు. ఆయన ముఖం వెలిగింది. "అయితే నేను డెస్క్‌టాప్ మార్చడం వల్లే కదా స్పీకరు కలిసింది. స్పీకరు కలవడం వల్లే కదా అమ్మ మాట వాళ్ళకి చేరింది. ఆ లెక్కన చూస్తే..."

"వివరణ పొడుగవుతోందండీ" అంది భార్య.

ఆమె వంటింట్లోకి వెళ్ళి అత్తగారి ఎదురుగా కూర్చుని, బుట్టలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది.

"ఇంటర్వ్యూ ఏమయింది?" అన్నారు అత్తగారు తలెత్తకుండా.

"ఉద్యోగం వచ్చింది అత్తయ్యా. సోమవారం చేరమన్నారు."

అత్తగారు చేతులు ఆపి తలెత్తారు. కళ్ళు తళుక్కుమన్నాయి. అది గమనించి ఆవిడే గబుక్కున తల దించేసుకున్నారు. "సరే. ఆ గింజలు నేల మీద పోస్తున్నావు, చూసుకో."

ఆ చెప్పొద్దన్న మాట తనకు తెలిసిపోయిందని కోడలు చెప్పలేదు. గింజలు చూసుకుంది.

మర్నాడు పదిగంటలకు, ఛార్జయిన పాత ఫోను అలమారలోకి తిరిగొచ్చాక, అత్తగారు స్పీకరు పెట్టారు. రేడియోవాళ్ళు ఏదో అడిగారు. ఆవిడ చెప్పారు. వాళ్ళు పట్టించుకోకుండా వేరెవరినో అడిగారు. ఆవిడ మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పారు. వాళ్ళు పాట వేశారు.

"నిన్నటివాళ్ళే నయం" అన్నారు అత్తగారు స్పీకరు కట్టేస్తూ. "అడిగింది మూడే ప్రశ్నలైనా, చెప్పింది విన్నారు."