గడప దగ్గర ఆగిన పాట

మా ఊళ్లో తెలుగు పాట గడప దగ్గరే ఆగిపోవడానికి కారణం తపాలా రేటు. దీని మీద వాదనకు తావు లేదు.

మా తాతలు చెరకు కూలికి వచ్చిన ఈ దీవిలో, బెల్ ఎయిర్ అనే మా ఊళ్లో, నాకు గ్రామఫోను రికార్డుల కొట్టు ఉండేది. సరుకు మద్రాసు నుంచి ఓడ టపాలో వచ్చేది. మా దీవి స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందు, ప్రజల సౌకర్యార్థం, విదేశీ పార్సెళ్ల రేట్లు పెంచారు. ఆ సౌకర్యం వల్ల పాట కన్నా పాట వచ్చే పెట్టెకు ఖర్చు ఎక్కువైంది. టపా గుమాస్తా మార్సెల్‌తో మొరపెట్టుకున్నాను. "ముస్యే, తూకానికి భక్తి తెలియదు" అని ఫ్రెంచి మర్యాదతో అన్నాడు. ఈ వ్యవహారంలో నేను విన్న నిజమైన మాట అదొక్కటే.

అప్పటికి నా భార్య రుక్మిణి మంచం పట్టింది. చెరకు కోస్తూ వాళ్లమ్మ పాడిన ఒక రామభజన ఆమెకు సగమే గుర్తు. "గడప దాటి రావయ్యా" అని రాముణ్ణి పిలిచేదాకా పాడి ఆగిపోయేది.

"తరువాత ఏముందయ్యా? ఆయన లోపలికి వచ్చాడా లేదా?" అని అడిగేది.

ఆ పాట రికార్డుగా ఉందని మద్రాసు నుంచి కబురు వచ్చింది. పెట్టె ఖర్చు నాకు భారమని తెలిసి ఊరి తెలుగు సంఘం వెంటనే ఆదుకుంది. అధ్యక్షుడు కృష్ణస్వామి గారు ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్న తెలుగు ప్రసంగం చదివారు.

"సోదరులారా, మనకు కావలసింది పాట. చెక్క కాదు, ఎండుగడ్డి కాదు. అవి మన దీవిలోనే పుష్కలంగా ఉన్నాయి."

పెట్టె లేకుండా, ఉత్త కాగితం చుట్టి పంపమని మద్రాసుకు సంఘం ముద్రతో ఆదేశం వెళ్లింది. నేను వద్దన్నాను. నా అభ్యంతరాన్ని చప్పట్లతో స్వీకరించారు.

రికార్డు వచ్చింది. ఓడలో దేనికి గీరుకుందో, గడప దాకా చక్కగా పాడి, అక్కడ ముల్లు వెనక్కి దూకేది. గడప దాటి, గడప దాటి, గడప దాటి. ముల్లును ముందుకు నెడితే గరగర తప్ప మాట లేదు. రుక్మిణి మంచంలోంచే వింది.

"వాళ్లకూ తెలియదేమో" అంది.

ఇంకొకటి పెట్టెలో తెప్పించే స్తోమత నాకు లేదు. నా కొట్టుకు వచ్చేవాళ్లు పాట విని, నేర్చుకుని, నన్ను మెచ్చుకుని వెళ్లేవాళ్లు. కొనడం వాళ్ల సంప్రదాయంలో లేదు. సంఘాన్ని అడిగితే, పాడుతున్న రికార్డుకు లోపమేమిటని అడిగారు.

ఈలోగా భజన గురువు అప్పయ్య ఆ రికార్డు విని పాట నేర్చుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు నేర్చుకోవడం మావాళ్ల గొప్పతనం. అర్థం అడ్డు రాదు. "గడప దాటి" అని ఊపిరి ఆడనంతసేపు పాడి, చటుక్కున హారతి ఇచ్చేవాడు. తాళాలకు అది బాగా కుదిరింది. రుక్మిణి పోయిన రోజు ఆమె పక్కన కూర్చుని అదే పాడారు, రికార్డు మీది గీరుతో సహా.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు కొత్త జెండా కింద కూడా అదే. ఇండియా నుంచి వచ్చిన ఒక పండితుడు కళ్లు తుడుచుకున్నాడు. భక్తుడి ఆర్తిని ఇలా మళ్లీ మళ్లీ పలికే పద్ధతి ఆంధ్రదేశంలో నశించిందని, ఇక్కడే బతికి ఉందని సెలవిచ్చాడు. బడిలో పిల్లలకు నేర్పాలని తీర్మానం జరిగింది.

నేను కొట్టు అమ్మేశాను. ఆ డబ్బుతో అదే రికార్డు చెక్కపెట్టెలో, ఎండుగడ్డి మధ్య తెప్పించాను. రుక్మిణి సంవత్సరీకానికి అందరినీ పిలిచి వాయించాను. రాముడు గడప దాటబోతుండగా అప్పయ్య లేచి ముల్లు ఎత్తేశాడు.

"ఇది తప్పు బావా. ఈ వేళ తప్పు పాట వద్దు" అన్నాడు.

కృష్ణస్వామి గారు నిట్టూర్చారు. "మద్రాసు వాళ్లు సంప్రదాయం మరిచిపోయారు. పెట్టె మాత్రం బాగుంది" అన్నారు. సంఘం భజన తాళాలు పెట్టుకోవడానికి ఆ పెట్టె తీసుకెళ్లారు.

వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని పాట చివరిదాకా విన్నాను. మర్నాడు రికార్డును రుక్మిణి అస్థికలు కలిపిన చోటే సముద్రంలో వదిలాను. దానికి టపా ఖర్చు లేదు.

ఇప్పుడు మీలో చదువుకున్నవాళ్లు కొందరు వచ్చి, తరువాత ఏముందని అడుగుతున్నారు. అడగవలసిన మనిషి అడిగింది. ఆమెకు పంపించాను. మీరు గడప దగ్గరే పాడుతూ ఉండండి, బాగా పాడుతున్నారు. దీని గురించి నేనిక ఎన్నడూ నోరెత్తను.