చంద్రి ఆరోగ్యం సగటున బాగుంది

మనిషిని గాని, కోతిని గాని బతికించేది గుండె కాదు, ఊపిరీ కాదు. సంబంధిత అధికారి సంతకం. 1967లో మంచిర్యాలలో ఈ సత్యం నిరూపితమైంది.

ఆ ఏడాది రైలు స్టేషన్‌లో ప్రయాణికుల సద్దిమూటలు మాయమవుతున్నాయని కోతుల నివారణ కార్యాలయం ఒకటి వెలిసింది. దానికి విదేశాల నుంచి కొత్తరకం మత్తుమందు వచ్చింది. అది ఎక్కిన కోతి కళ్లు తెరిచే ఉంటుంది, గిచ్చినా దానికి తెలియదు. (పై అధికారులకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు.)

ముందు ఒక కోతి మీద పరీక్షించాలని నియమం. స్టేషన్ గోడకు నోటీసు అంటించారు గాని, ఒక్క కోతీ హాజరు కాలేదు. చేసేదిలేక, కోతిని ఆడించి పొట్టపోసుకునే దేవవ్వను, ఆమె కోతి చంద్రిని పిలిపించారు.

"జర పైలం సారూ. ఇది లేకుంటే నాకు బువ్వ లేదు. మాట్లాడెటందుకు ఇంకో జీవం గూడ లేదు" అంది దేవవ్వ.

"ఫికర్ చెయ్యకు అవ్వా, సర్కారు మందు" అన్నాడు అధికారి లక్ష్మీకాంతరావు.

"చంద్రీ, సారుకు చెయ్యియ్యే."

రోజూ సలాం కొట్టే చెయ్యే కాబట్టి చంద్రి బుద్ధిగా చాచింది. సూది పడింది.

గుండె చూడటం డాక్టరు పని, ఊపిరి చూడటం కంపౌండరు పర్శరాములు పని. (ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరాదు.) గుండె ఉరుకుతున్నదని డాక్టరు చెప్పాడు. ఊపిరి బాగా మందగించిందని పర్శరాములు చెప్పాడు. లక్ష్మీకాంతరావు ఇద్దరి మాటా శ్రద్ధగా విన్నాడు.

"ఒకటి ఎక్కువున్నది, ఒకటి తక్కువున్నది. రెండు కలిపితే సరిపాయె" అని, 'సగటున ఆరోగ్యం బాగుంది' అని రాసి సంతకం చేశాడు.

కాసేపటికి దేవవ్వ చంద్రి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"సారూ, ఊపిరి ఆడుతలేదు."

"కండ్లు తెరిచే ఉన్నది గద."

"ఒళ్లు సల్లవడ్డది సారూ."

"సంతకమైపోయింది అవ్వా" అన్నాడు లక్ష్మీకాంతరావు. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది.

దేవవ్వ చంద్రిని ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"మీ కాగితంల ఇది బతికే ఉన్నదా?"

"బేషుగ్గ ఉన్నది."

"గట్లయితే గా కాగితమే నాకియ్యి సారూ. రేపటి సంది దాన్నే ఆడిచ్చుకుంట."

లక్ష్మీకాంతరావు సానుభూతితో ఆలోచించాడు. అసలు కాగితం పై ఆఫీసుకు పోవాలి. నకలు కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చు గాని, అర్జీదారు కోతిని వెంటబెట్టుకుని రావాలి.