నక్షత్రాల మధ్య డ్రాయింగు మాస్టారు

వెనకగది ఎవరిదన్న విషయంలో డ్రాయింగు మాస్టారికీ ఆయన భార్యకీ మూడు నెలలుగా యుద్ధం నడుస్తోంది. కుట్టుమిషను భోజనాల బల్ల మీద ఉండబట్టి అన్నంలో దారప్పోగులు వస్తున్నాయని ఆవిడ వాదన. పడక్కుర్చీ వేసుకుని చదువుకోవడానికి చోటు కావాలని ఆయన వాదన. ఆయన చదివితే గురక వినబడుతుందని పక్కింటివాళ్లకి కూడా తెలుసు.

చివరికి మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. పాతకాలపు బంగళాల్లో ఉండే విక్టోరియా నాటి పద్ధతిలో, నలుపు, మీగడరంగు, ఇటుకరంగు పలకలతో నేలంతా నక్షత్రాలు పరిచేస్తే సరి. అంత అందం మీద కుట్టుమిషను పెట్టడానికి ఏ ఇల్లాలికీ చేతులు రావు.

"మేస్త్రీని పిలవండి," అంది ఆవిడ.

"ముప్ఫై ఏళ్లుగా స్కేలు పట్టినవాణ్ణి. నాకు మేస్త్రీ ఎందుకు?"

"అయితే మధ్యమధ్యలో టీ ఇస్తుంటాను."

ఆదివారం పొద్దున్నే గుమ్మం దగ్గర మొదటి నక్షత్రం తీర్చి, మాస్టారు లోపలికి జరిగారు. జిగురు పూయడం, పలక అద్దడం, మట్టం చూడడం, తనను తాను మెచ్చుకోవడం. నాలుగో పనికే ఎక్కువసేపు పట్టింది. ఆవిడ ఊచల కిటికీలోంచి ఐదుసార్లు టీ అందించింది.

సాయంత్రం నాలుగింటికి ఆయన నడుం సారించి తలెత్తారు. ఎదురుగా ఎనిమిదడుగుల మేర తడి ఆరని నక్షత్రాలు. వాటికి అవతల గుమ్మం. తను మాత్రం కిటికీ పక్క మూలలో, ఒక్క నక్షత్రానికి మిగిలిన జాగాలో ఉన్నారు. గదిలో అన్నీ కొలిచారు గానీ బయటికి వచ్చే దారి కొలవలేదు.

"ఏమేవ్," అని పిలిచారు నెమ్మదిగా.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో."

"బాగుంది సరే. రేపు పొద్దుటిదాకా వీటి మీద కాలు పెట్టకూడదు."

"పెట్టకండి. గది కావాలన్నారు, ఉండండి."

"ఐదు గ్లాసుల టీ తాగించావు. అంతసేపు ఉండగలనా?"

ఆవిడ లోపలికెళ్లి పొడుగాటి చెక్క మోసుకొచ్చింది. ఒక కొస గడప మీద ఆనించింది. రెండో కొస కిందికి దించకుండా గాలిలోనే నిలబెట్టి పట్టుకుంది.

"నిన్ననే తెప్పించాను. బట్టలు కత్తిరించే బల్లకి పైచెక్క. బల్ల ఈ గదిలోనే వేస్తాను. ఇవతలికి వస్తారా, అవతలే ఉంటారా?"

మాస్టారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చారు. "గది నీదే. ముందు చెక్క వెయ్యి."

మూలలో ఆయన పక్కనే ఉన్న పలకల ఖాళీ పెట్టె మీద రెండో కొస ఆనగానే, ఆయన దొమ్మరివాడిలా చేతులు చాచి ఇవతలికి వచ్చిపడ్డారు. వచ్చీరాగానే పెరట్లోకి పరుగెత్తారు. తిరిగొచ్చాక అనుమానంగా అడిగారు.

"నేను గుమ్మం దగ్గర మొదలుపెట్టడం నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ మూల నుంచి పరుచుకుంటూ వచ్చేవారు. గది మీదయ్యేది."

మాస్టారు గుమ్మంలోంచి నక్షత్రాలకేసి చూశారు.

"మిషను కిటికీ దగ్గర పెట్టుకో. ఆ మూల వెలుతురు బాగుంటుంది. ఇందాకటిదాకా అక్కడే ఉన్నానుగా."